ఆ కార్డు అతడి చేతిలో లేదు

2024 మే నెలలో ఒక రోజు తెల్లవారుజామున ఐదున్నరకు మా అక్క కూతురు అమెరికా నుంచి ఫోన్ చేసింది. హనుమకొండలో మేం పాల ప్యాకెట్ కోసం తలుపు తీసే వేళకు టెక్సాస్‌లో ముందు రోజు సాయంత్రం ఏడు గంటలవుతుంది. ఆమె భర్త జిమ్‌కు వెళ్ళే సమయం అదే. అత్తగారు హాల్లో టీవీ ముందు కూర్చుని ఉండగా, ఈమె బట్టలుతికే గదిలోకి వెళ్ళి, మెషిన్ వేసి, ఆ చప్పుడు చాటున మాట్లాడుతోంది. "చిన్నమ్మా, మొన్న మల్ల కొట్టిండు. ఎవలకన్న చెప్తే గ్రీన్ కార్డు క్యాన్సిల్ చేయించి ఇండియాకు పంపిస్తనంటున్నడు. కార్డు తారీఖు ఇంకా ఏడాదిన్నర ఉన్నది. నేనేం జెయ్యాలె?"

"ఎట్లన్న జేసి ఆ ఏడాదిన్నర ఓపిక పట్టు బిడ్డా. కార్డు పక్కా అయినంక అప్పుడు చూద్దాం" అన్నాను. అంతటితో ఊరుకోకుండా, ఆమె ధైర్యం చెడకూడదని, అదే మాటను ఆ మధ్యాహ్నం వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్‌గా కూడా పంపాను. ముప్పై ఏళ్ళు జూనియర్ కళాశాలలో పౌరశాస్త్రం చెప్పిన దాన్ని. ఆ రోజు నేను ఇచ్చిన సలహా చట్టం ప్రకారమూ తప్పే, మనిషి ప్రాణం దృష్ట్యా ఇంకా పెద్ద తప్పు. ఎందుకు తప్పో తెలుసుకోవడానికి నాకు మూడు వారాలు పట్టింది. ఆ మూడు వారాలూ ఆమె ఆ ఇంట్లోనే ఉంది. ఇలాంటి ఫోన్లు మన ఇళ్ళకు ఇంకా వస్తూనే ఉన్నాయి కనుక, ఆమె అనుమతి తీసుకుని, ఆమె పేరు గానీ ఊరి పేరు గానీ లేకుండా ఇది రాస్తున్నాను.

ముందు ఆ రెండేళ్ళ కార్డు సంగతి చెప్పాలి. పెళ్ళి 2022 ఫిబ్రవరిలో హనుమకొండలోనే జరిగింది. అబ్బాయి అమెరికా పౌరుడు. పెళ్ళయిన నెలకు అతడు తిరిగి వెళ్ళి భార్య కోసం దరఖాస్తు పెట్టాడు. వలస వీసాల ఇంటర్వ్యూ ముంబయిలో ఉంటుంది కనుక మా బావ ఆమెను అక్కడికి తీసుకువెళ్ళి, వైద్య పరీక్షలు చేయించి, వారం రోజులు ఉండి తీసుకువచ్చాడు. 2023 అక్టోబర్‌లో ఆమె అమెరికాలో దిగే నాటికి పెళ్ళయి ఇరవై నెలలు. అమెరికా చట్టం ప్రకారం, పెళ్ళి ద్వారా శాశ్వత నివాస హోదా వచ్చే రోజుకు ఆ పెళ్ళికి రెండేళ్ళు నిండకపోతే ఆ హోదా షరతులతో కూడినది అవుతుంది, కార్డు రెండేళ్ళకే ఇస్తారు. వీసా మీద సీఆర్-1 అని ఉంటే దాని అర్థం ఇదే. మరో నాలుగు నెలలు ఆలస్యంగా దిగి ఉంటే అదే మనిషికి అదే పెళ్ళి మీద ఐఆర్-1 కింద పదేళ్ళ కార్డు వచ్చేది. వీసా త్వరగా రావాలని మా అక్క భద్రకాళి గుడిలో మొక్కుకున్న సంగతి నాకు తెలుసు, ఆ మొక్కు తీరిందని ఒడిబియ్యం పోసిన సంగతీ తెలుసు. ఆ నాలుగు నెలల తేడా ఏం చేస్తుందో మాలో ఎవరికీ తెలియదు.

ఈ షరతు 1986లో వచ్చింది. కార్డు కోసమే చేసుకునే దొంగ పెళ్ళిళ్ళను అడ్డుకోవాలని అమెరికా కాంగ్రెస్ చేసిన చట్టం అది. రెండేళ్ళు పూర్తి కావడానికి ముందున్న 90 రోజుల్లో భార్యాభర్తలిద్దరూ కలిసి ఐ-751 అనే దరఖాస్తు మీద సంతకం చేసి, తమది నిజమైన కాపురమేనని రుజువులు పెట్టాలి. అప్పుడు షరతు తొలగి పదేళ్ళ కార్డు వస్తుంది. దరఖాస్తు వేయకపోతే రెండో ఏడు నిండిన నాడు హోదా దానంతట అదే ముగుస్తుంది. మోసాన్ని అరికట్టాలన్న ఉద్దేశంతో చేసిన ఏర్పాటే అయినా, ఇద్దరి సంతకం కావాలనడం వల్ల కొట్టే భర్త చేతికి ఒక కొరడా దొరికినట్టయింది. "నేను సంతకం పెట్టకుంటే నీ బతుకేంది?" అన్న ఒక్క ప్రశ్నతో ఎన్ని ఇళ్ళలో ఎన్ని నోళ్ళు మూతపడ్డాయో మనం ఊహించుకోవచ్చు.

నా సలహా తప్పని నాకు మొదట చెప్పింది నా దగ్గర ఇంటర్మీడియట్ చదివి ఇప్పుడు న్యూజెర్సీలో స్థిరపడిన ఒక విద్యార్థిని. వేరే పని మీద ఫోన్ చేసినప్పుడు నేను ఎవరి గురించో అన్నట్టుగా ఈ విషయం కదిపితే, ఆమె మాట తుంచి, "మేడమ్, ఆ అమ్మాయిని రెండేళ్ళు ఆగమని ఎవరు చెప్పిన్రు? ఆగాల్సిన అవసరమే లేదు" అంది. ఆ రాత్రి ఆమె పంపిన అధికారిక పుటలన్నీ చదివాను, అర్థం కానిచోట మళ్ళీ అడిగాను. ఆ తరువాత టెక్సాస్‌లో మా అమ్మాయి తరఫున నిలిచిన న్యాయవాది కూడా అవే మాటలు చెప్పారు.

చట్టం చెప్పేది ఇది. ఇద్దరూ కలిసి దరఖాస్తు వేయాలన్న నియమానికి మినహాయింపులు ఉన్నాయి. పెళ్ళి మనస్ఫూర్తిగా చేసుకున్నదై, తరువాత విడాకులతో ముగిస్తే, ఆ విడాకుల తీర్పు చూపించి ఒంటరిగా ఐ-751 వేయవచ్చు. పెళ్ళి మనస్ఫూర్తిగా చేసుకున్నదై, కాపురంలో భర్త కొట్టినా, తీవ్రమైన క్రూరత్వానికి గురిచేసినా, ఆ కారణం మీద కూడా ఒంటరిగా వేయవచ్చు. ఈ రెండో మినహాయింపును 1990లో చేర్చారు. దీనికి విడాకులు అక్కర్లేదు, విడిగా ఉండాలన్న నియమమూ లేదు. దేశం నుంచి పంపించివేస్తే తీవ్రమైన కష్టాలు ఎదురవుతాయన్న కారణం మీద ఉన్నది మరొకటి. వీటిలో ఒకటికి మించి వర్తిస్తే, ఒకే దరఖాస్తులో వాటన్నిటినీ గుర్తు పెట్టవచ్చు. అన్నిటికన్న ముఖ్యమైన విషయం, ఒంటరిగా వేసే దరఖాస్తుకు ఆ చివరి 90 రోజుల గడువు లేదు. షరతులతో కూడిన హోదా వచ్చిన తరువాత ఎప్పుడైనా వేయవచ్చు, తారీఖు దాటిన తరువాత కూడా వేయవచ్చు. అంటే ఆ మే నెల పొద్దున ఆమె నన్ను అడిగిన రోజునే, ఏడాదిన్నర మిగిలి ఉండగానే, ఆ దారి ఆమెకు తెరిచి ఉంది.

"క్యాన్సిల్ చేయిస్త" అన్న బెదిరింపు గురించి ఇంకా స్పష్టంగా చెప్పాలి. భార్య గ్రీన్ కార్డును రద్దు చేసే అధికారం భర్తకు లేదు. ఆ అధికారం ఇమ్మిగ్రేషన్ శాఖదీ, ఇమ్మిగ్రేషన్ న్యాయమూర్తిదీ. భర్త చేయగలిగినదల్లా ఉమ్మడి దరఖాస్తు మీద సంతకం పెట్టకపోవడం, పెట్టిన సంతకాన్ని వెనక్కి తీసుకోవడం. ఆ రెండింటికీ జవాబుగానే ఈ మినహాయింపులు ఉన్నాయి. ఒకవేళ అతడు ఆమె మీద అబద్ధపు ఫిర్యాదు పంపినా, హింసించిన వ్యక్తి ఇచ్చిన సమాచారం ఒక్కదాన్నే ఆధారం చేసుకుని ఆమెకు వ్యతిరేకంగా నిర్ణయం తీసుకోకూడదని 1996 నుంచి చట్టం ఉంది. ఆమె హింస కారణంగా దరఖాస్తు వేసిందన్న సంగతి అధికారులు అతడికి చెప్పకూడదని కూడా అదే చట్టం అంటుంది. ఈ మాట విన్న రోజు మా అమ్మాయి ఫోన్లో చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. "ఆయనకు తెల్వదా చిన్నమ్మా?" అని రెండుసార్లు అడిగింది.

ఇంకో అపోహ పని గురించి. షరతులతో కూడిన హోదా అయినా ఆ రెండేళ్ళూ పూర్తి హోదానే. ఉద్యోగం చేసుకోవచ్చు, బ్యాంకు ఖాతా తెరవచ్చు, డ్రైవింగ్ లైసెన్సు తీసుకోవచ్చు. దానికి వేరే అనుమతి పత్రం అక్కర్లేదు. ఎనిమిది నెలలుగా "నీకు పని చేసే పర్మిషన్ లేదు" అని నమ్మబలికి ఆమెను ఇంట్లో కూర్చోబెట్టారు. ఎచ్-4 వీసా మీద వెళ్ళిన ఆడపిల్లల పరిస్థితి వేరు, అది వారిలో చాలామందికి వర్తించే మాట. మన దగ్గర రెండింటినీ కలిపేసి మాట్లాడటం అలవాటు. ఎచ్-4 హోదా భర్త ఎచ్-1బీ ఉద్యోగ వీసా మీద ఆధారపడినది కనుక విడాకుల తీర్పుతో అది పోతుంది. అయితే భర్త హింసకు గురైన ఎచ్-4 భార్యకు సొంతంగా పని అనుమతి కోరే దారి ఒకటి చట్టంలో ఉంది, దాని ఫారం పేరు ఐ-765వి. అలాంటి అమ్మాయిలు విడాకుల కాగితం మీద సంతకం పెట్టక ముందే ఇమ్మిగ్రేషన్ న్యాయవాదిని కలవాలి. ఈ వ్యాసం రెండేళ్ళ గ్రీన్ కార్డు ఉన్నవాళ్ళ గురించి.

జూన్ మూడో వారంలో ఆమె 911కు ఫోన్ చేసింది. ఆ రాత్రి వివరాలు ఇక్కడ రాయను. పోలీసులు వచ్చారు, నివేదిక రాశారు, ఆమెను ఒక ఆశ్రయ కేంద్రానికి పంపించారు. దక్షిణాసియా మహిళల కోసం పనిచేసే సంస్థలు అమెరికాలో చాలా నగరాల్లో ఉన్నాయి. న్యూజెర్సీలో మానవి 1985 నుంచే ఉంది, న్యూయార్క్‌లో సఖి, హ్యూస్టన్‌లో దయ, డాలస్‌లో చేతన, చికాగోలో అప్నా ఘర్ ఉన్నాయి. జాతీయ గృహహింస హాట్‌లైన్ 1-800-799-7233 కు ఏ వేళలోనైనా ఫోన్ చేయవచ్చు, అవసరమైతే దుబాసీని పెడతారు. మన ఊళ్ళో తల్లిదండ్రులు చేయగలిగిన మొదటి మేలు ఈ నంబరు కూతురి చేతికి, భర్త చూసే ఫోన్‌లో కాకుండా ఒక కాగితం మీద, వెళ్ళే ముందే రాసి ఇవ్వడం. మేం పెట్టెలో పచ్చళ్ళు, సకినాలు, పసుపు, కారం అన్నీ తూకం వేసి సర్దాం. ఈ ఒక్కటి పెట్టలేదు.

ఇల్లు విడిచిన పది రోజుల్లోపు చిరునామా మార్పును ఇమ్మిగ్రేషన్ శాఖకు తెలపాలి, దానికి ఏఆర్-11 అనే ఫారం ఉంటుంది. చూడటానికి చిన్న విషయం. ఇది చేయకపోతే శాఖ పంపే ప్రతి ఉత్తరమూ భర్త ఇంటి పోస్టు డబ్బాలోకే వెళుతుంది, అతడు దాన్ని చింపేస్తే ఆమెకు తెలిసే దారి ఉండదు.

ఇక విడాకుల విషయం. టెక్సాస్‌లో విడాకుల దావా వేయాలంటే ఇద్దరిలో ఒకరు ఆ రాష్ట్రంలో ఆరు నెలలు, ఆ కౌంటీలో (మన జిల్లా లాంటిది) 90 రోజులు నివసించి ఉండాలి. దావా వేసిన తరువాత మామూలుగా 60 రోజులు ఆగాలి, గృహహింస కేసుల్లో ఆ నిరీక్షణ నుంచి సడలింపు ఉంది. వేరే రాష్ట్రాల్లో లెక్కలు వేరు. నార్త్ కరొలైనాలో అయితే ఏడాది విడిగా ఉండాలి. అందుకే విడాకుల కారణం మీద మాత్రమే ఆధారపడే అమ్మాయి కొన్నిచోట్ల చిక్కులో పడుతుంది. కార్డు తారీఖు దగ్గర పడుతుంది, తీర్పు రాదు, తీర్పు లేనిదే విడాకుల మినహాయింపు పూర్తి కాదు. హింస కారణం మీద వేసే దరఖాస్తుకు ఈ చిక్కు లేదు. మా అమ్మాయి న్యాయవాది 2024 నవంబర్‌లో హింస కారణం మీద ఐ-751 వేశారు. విడాకుల దావా అప్పటికే నడుస్తోంది. 2025 మార్చిలో తీర్పు వచ్చాక దాన్ని కూడా దరఖాస్తుకు జత చేశారు. ఇద్దరూ కలిసి ఉమ్మడి దరఖాస్తు వేసిన తరువాత మధ్యలో విడాకులైన వారు కూడా, తీర్పు పంపి, తమ దరఖాస్తును ఒంటరి దరఖాస్తుగా పరిగణించమని కోరవచ్చు.

విడాకులతో కార్డు పోతుందన్నది మన ఇళ్ళలో వేళ్ళూనుకున్న నమ్మకం. విడాకుల వల్ల పోయేది ఉమ్మడి సంతకం అనే ఒక దారి మాత్రమే. అధికారి చూసే ప్రశ్న ఒక్కటే, పెళ్ళి చేసుకున్న రోజున అది నిజమైన పెళ్ళేనా కాదా అని. తరువాత అది ఎందుకు విరిగిందన్నది విడాకుల మినహాయింపులో నిర్ణాయకం కాదు.

ఆ ప్రశ్నకు జవాబుగా పెట్టవలసిన రుజువుల పనే నాకు అప్పగించారు. హింస కారణంగా వేసే దరఖాస్తులో నమ్మదగిన ఏ రుజువునైనా పరిశీలించాలని 1994లో చట్టం చెప్పింది. పోలీసు నివేదిక ఉంటే మంచిదే, లేనంత మాత్రాన తలుపు మూసుకుపోదు. ఆసుపత్రి చీటీ, కౌన్సెలర్ ఉత్తరం, గాయాల ఫోటో, ఆ రోజుల్లో ఎవరితోనైనా చెప్పుకున్న మాట, ఇవన్నీ లెక్కలోకి వస్తాయి. క్రూరత్వం అంటే దెబ్బలే కానక్కర్లేదు, బెదిరింపు, నిర్బంధం, మానసిక హింస, లైంగిక హింస కూడా అందులోకి వస్తాయి.

ఆ వర్షాకాలమంతా మా భోజనాల బల్ల మీద అన్నం పెట్టుకోవడానికి చోటు లేదు. ఒక పక్క పెళ్ళి రుజువులు: లగ్నపత్రిక, పెళ్ళి రిజిస్ట్రేషన్ పత్రం, ముంబయి రైలు టికెట్లు, పెళ్ళి తరువాత అతడు అమెరికా నుంచి పందొమ్మిది నెలలు చేసిన వీడియో కాల్స్ జాబితా, ఇద్దరి పేరు మీద ఉన్న పన్ను పత్రం. ఇంకో పక్క హింసకు రుజువులు. వాటిలో ఎక్కువ భాగం తెలుగులో ఉన్న వాయిస్ మెసేజ్‌లు, అవి అమెరికా అధికారికి అర్థం కావాలంటే ఇంగ్లీషులోకి రావాలి. అనువాదకుడికి ప్రభుత్వ గుర్తింపు ఉండాలన్న నియమం లేదు. రెండు భాషలూ బాగా వచ్చిన మనిషి, ఇది పూర్తిగా, సరిగ్గా చేసిన అనువాదమని, తనకు ఆ సామర్థ్యం ఉందని రాసి సంతకం చేస్తే చాలు. అందుకని ఆ పని నేను తీసుకున్నాను.

అంత కష్టమైన అనువాదం నేను ఎన్నడూ చేయలేదు. అత్తగారి మెసేజ్ ఒకటి ఉంది. "మొగోడన్నంక ఒక మాటంటడు, ఒక దెబ్బ ఏస్తడు. ఇంటి గుట్టు ఈదిలేస్తవా?" ఇందులో ప్రతి ముక్కనూ ఇంగ్లీషులో పెట్టవచ్చు. గుట్టు అన్న మాట దగ్గర ఆగిపోయాను. రహస్యం అని పెడితే ఆ తల్లి ఏదో దాచమని అడుగుతున్నట్టు ఉంటుంది, పరువు అని పెడితే బెదిరింపు పోతుంది. రెండూ కలిపి, కింద రెండు వాక్యాల వివరణ రాశాను. అతడి మెసేజ్ ఒకటి నాలుగు సెకన్లే ఉంటుంది. "నీ కార్డు నా జేబుల ఉన్నది, యాదుంచుకో." అది యథాతథంగా ఇంగ్లీషులోకి వెళ్ళింది, ఏ వివరణా అవసరం లేకుండా. ఆ నాలుగు సెకన్లు సరిచూసుకోవడానికి ఎన్నిసార్లు వినవలసి వచ్చిందో నాకు లెక్క లేదు. మా అక్క రెండో గదిలో కూర్చుని, చెవిలో పడకుండా టీవీ శబ్దం పెంచుకునేది.

అక్క తన వాంగ్మూలాన్ని తెలుగులోనే, నోటు పుస్తకం కాగితాల మీద, ఆరు పుటలు రాసింది. మొదటిసారి రాసినప్పుడు సగం కట్నం గురించి, పెళ్ళి ఖర్చుల గురించి ఉంది. న్యాయవాది దాన్ని చూసి, తల్లి కళ్ళతో చూసినదీ చెవులతో విన్నదీ మాత్రమే, తారీఖులతో రాయమన్నారు. అక్క మళ్ళీ రాసింది. ఉగాది రోజున వీడియో కాల్‌లో బిడ్డ మోచేతి మీద నీలి మచ్చ చూసి అడిగితే తలుపు తగిలిందని చెప్పిందని, తరువాత నెల రోజులు వీడియో కాకుండా మామూలు కాల్ మాత్రమే చేసిందని రాసింది. అలాంటి మూడు నాలుగు చిన్న విషయాలే ఆ వాంగ్మూలానికి ప్రాణం పోశాయి.

డబ్బు విషయంలో ఒక మాట. భార్యను తీసుకువెళ్ళేటప్పుడు భర్త ఐ-864 అనే హామీ పత్రం మీద సంతకం చేస్తాడు. ఆమె ఆదాయం ప్రభుత్వ పేదరిక ప్రమాణంలో 125 శాతానికి తగ్గకుండా ఆదుకుంటానన్న ఒప్పందం అది. విడాకులతో ఆ బాధ్యత తీరదు. ఆమె పౌరురాలైతేనో, పని చేసిన కాలం నలభై త్రైమాసికాలు లెక్కకు వస్తేనో, దేశం విడిచి శాశ్వతంగా వెళ్ళిపోతేనో, ఇద్దరిలో ఒకరు మరణిస్తేనో తీరుతుంది. ఈ పత్రం ఆధారంగా ఆమె కోర్టుకు వెళ్ళవచ్చు. విడాకుల ఒప్పందం మీద సంతకం చేసే ముందు దీన్ని వదులుకుంటున్నామా అని న్యాయవాదిని అడగడం మరచిపోకూడదు.

మా ఇంట్లో జరగకపోయినా మా కాలనీలోనే జరిగిన ఇంకో సంగతి ఉంది. ఒకాయన భార్యను సద్దుల బతుకమ్మకని తీసుకువచ్చి, పద్మాక్షి గుట్ట దగ్గర అందరితో కలిసి ఫోటోలు దిగి, వారం తిరిగేసరికి ఆమె పాస్‌పోర్టూ గ్రీన్ కార్డూ తీసుకుని ఒంటరిగా విమానం ఎక్కాడు. ఆమె ఆరు నెలలు పుట్టింట్లో ఏడుస్తూ కూర్చుంది, కార్డు లేదు కనుక హోదా కూడా లేదనుకుని. కార్డు అంటే హోదాకు రుజువు మాత్రమే, కార్డు పోయినంత మాత్రాన హోదా పోదు. దేశం విడిచి ఏడాది కాకముందే అయితే, అమెరికా కాన్సులేట్‌లో ఐ-131ఎ దరఖాస్తు పెట్టుకుంటే, విమానం ఎక్కడానికి అనుమతించే పత్రం ఇస్తారు. పాస్‌పోర్టు పోయిందని పోలీసులకు ఫిర్యాదు చేసి కొత్తది తీసుకోవాలి. ఏడాది దాటితే వ్యవహారం చాలా కఠినమవుతుంది. కనుక అలా వదిలిపెట్టబడిన అమ్మాయి విషయంలో పెద్దమనుషుల పంచాయితీలకు నెలలు ఖర్చు చేయకూడదు. అల్లుడి తరఫువాళ్ళు "మాట్లాడుదాం, దసరా పోనీ, సంక్రాంతి పోనీ" అంటూ జరిపేది ఆ ఏడాదినే.

అలా ఇక్కడ ఉండిపోయిన అమ్మాయికి హనుమకొండలోనే కేసు పెట్టుకునే హక్కు ఉంది. అత్తింటి క్రూరత్వం వల్ల పుట్టింట్లో తలదాచుకున్న స్త్రీ, ఆ పుట్టిల్లు ఉన్న ఊళ్ళోనే భారత శిక్షాస్మృతి 498ఎ సెక్షన్ కింద ఫిర్యాదు చేయవచ్చని సుప్రీంకోర్టు 2019లో రూపాలీ దేవి కేసులో చెప్పింది. ఆ సెక్షన్ ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో 85గా ఉంది.

విడాకులు అమెరికాలో తీసుకుంటే ఇక్కడ చెల్లుతాయా అన్న ప్రశ్న మా బావను చాలాకాలం వేధించింది. దీని మీద సుప్రీంకోర్టు 1991లో ఇచ్చిన తీర్పు మన తెలుగువాళ్ళ కేసులోనే వచ్చింది. తిరుపతిలో పెళ్ళి చేసుకున్న వై.నరసింహారావు అమెరికాలోని మిస్సోరీ కోర్టు నుంచి విడాకులు తెచ్చుకుంటే, అవి ఇక్కడ చెల్లవని కోర్టు చెప్పింది. ఏ చట్టం కింద పెళ్ళి జరిగిందో ఆ చట్టంలో ఉన్న కారణం మీద విడాకులు ఇచ్చి ఉండాలని, రెండో పక్షం ఆ కోర్టు పరిధికి స్వచ్ఛందంగా లోబడి వాదన వినిపించుకుని ఉండాలని, లేదా విడాకులకు అంగీకరించి ఉండాలని ఆ తీర్పు సారాంశం. అదాలత్ దగ్గర మాకు తెలిసిన న్యాయవాది ఇది వివరించి, టెక్సాస్‌లో దావా వేసేటప్పుడు కాపురం సాగదన్న సాధారణ కారణం ఒక్కటే కాకుండా క్రూరత్వం కూడా కారణంగా పెట్టించమన్నారు. టెక్సాస్ చట్టంలో ఆ కారణం ఉంది, మన హిందూ వివాహ చట్టంలోనూ ఉంది. అతడు అక్కడి కోర్టుకు హాజరై వాదించుకున్నాడు. తీర్పులో క్రూరత్వం అన్న మాట ఉంది. ఆ ఒక్క మాట కోసం ఇక్కడి న్యాయవాదికీ అక్కడి న్యాయవాదికీ మధ్య నేను రాసిన ఈమెయిళ్ళు పదిహేను దాకా ఉంటాయి. రెండు దేశాల్లోనూ న్యాయవాదిని సంప్రదించాలని నేను అందరికీ చెప్పేది అందుకే. ఫారాలు నింపిపెడతామనే కన్సల్టెన్సీలకు ఈ పని అప్పగించవద్దు.

రుజువుల కట్టలో నా వాయిస్ మెసేజ్ కూడా ఉంది. నేనే వద్దన్నాను. సిగ్గుతో వద్దన్నాను. న్యాయవాది ఒప్పుకోలేదు. దెబ్బ తిన్న వారంలోనే ఆమె ఇంటివాళ్ళకు చెప్పుకుందనడానికి తారీఖుతో సహా ఉన్న రుజువు అది అన్నారు, విషయాన్ని తరువాత కల్పించలేదని అధికారికి తెలుస్తుందన్నారు. అందుకని అన్నిటికన్న చివర దాన్ని కూడా వింటూ, ఆపుతూ, ఇంగ్లీషులో రాశాను. ఓపిక పట్టు బిడ్డా. బిడ్డా అన్న మాటకు సరైన ఇంగ్లీషు మాట దొరకక అలాగే ఉంచి, పక్కన అర్థం రాశాను. కింద ఈ అనువాదం సంపూర్ణమని, సరైనదని నా సంతకం.

2024 డిసెంబర్‌లో రసీదు వచ్చింది. దరఖాస్తు పెండింగులో ఉన్నంత కాలం, కార్డు మీది తారీఖు దాటినా, దానికి మరో 48 నెలలు చెల్లుబాటు ఉంటుందని ఆ ఉత్తరంలో ఉంటుంది. నిర్ణయం ఇంకా రాలేదు, ఇంటర్వ్యూకు పిలవవచ్చు. తిరస్కరించినా ఇమ్మిగ్రేషన్ న్యాయమూర్తి ముందు ఆ దరఖాస్తును మళ్ళీ మొదటి నుంచీ వినిపించుకునే వీలు ఉంది.

2025 అక్టోబర్‌లో కార్డు మీది తారీఖు దాటిన రోజు ఆమె ఫోన్ చేసింది. ఈసారి మాకు రాత్రి పదకొండు, ఆమెకు మధ్యాహ్నం భోజన విరామం. ఒక దంతవైద్యుడి క్లినిక్‌లో పని చేస్తోంది. వెనకాల మనుషుల మాటలు, ఎవరో నవ్వడం వినిపించాయి. "ఇయ్యాల్నే చిన్నమ్మా ఆ తారీఖు" అంది. అవునన్నాను. "పొద్దుగాల పర్సుల రసీదు ఉన్నదా లేదా అని చూసుకున్న, మల్ల డ్యూటీకి వచ్చిన" అంది. తరువాత అక్కకు ఫోన్ ఇమ్మంది, సకినాల పిండిలో నువ్వులు ఎన్ని వేయాలో అడగడానికి.